ఎర్త్ గుంత

ఇరవై రెండేండ్లు మోసినా
పేర్లు తెలీవు నాకు. బరువులు తెలుసు.
లింటెల్ అంటే మెడ అంగుళం లోపలికి దిగేది.
స్లాబ్ అంటే ఆ రాత్రికి చేతులు తలకిందికి రానిది.
ప్లింత్ అంటే మోకాళ్లు.

ఎర్రగుంట్ల దాటినాక, ఫ్యాక్టరీ బూడిద రాలే చోట
రెండు సెంట్ల పట్టా వచ్చింది.
ఇంజినీరు పిల్లోడు పెద్ద కాయితం పరిచి
గాలికి ఎగరకుండా నాలుగు మూలలా కంకరరాళ్లు పెట్టినాడు.
"ఇది తలుపమ్మా."
చూస్తే చక్రంలో కాలు వంతు.
తలుపు తిరిగే దోవ కూడా గీస్తారంట,
అంత జాగా దానికి ఇడిచిపెట్టాలంట.
మంచానికే చాలని గదిలో తలుపుకు జాగా!
నవ్వినాను. ఆ పిల్లోడు నవ్వల్యా.

జంట గీతలు గోడ.
చుక్కల గీత మాత్రం అర్థం కాల్యా.
"తలమీద ఉండేటివమ్మా. అటక, దూలం, సన్‌షేడు.
ఈ కాయితంలో అగుపడవు గానీ ఉండాయని చెప్పడానికి చుక్కలు."
ప్రొద్దుటూరులో, ముద్దనూరులో నేను ఇటుక మోసిన ఇండ్లకు
నన్నెవరన్నా గీసింటే
చుక్కలతోనే గీసింటారు.

చుట్టూ మూడడుగులు సెట్‌బ్యాక్.
నాదే అంట, కట్టకూడదంట.
ఇదొక రకం ఆస్తి.

ఓబులేసు మేస్త్రి తూకంగుండు ఇడిచి, ఒక కన్ను మూసి
"మాలు!" అని అరిచినాడు.
బొచ్చె ఎత్తుకోని ఉరికినాను.
సగం దూరం పోయినాక ఇద్దరికీ గుర్తొచ్చింది
ఈ గోడ ఎవరిదో.
ఆయన నాలిక కరుచుకున్నాడు.
మాలు గట్టిపడతాదని
నేనే పోసి వచ్చినాను.

చిన్నపుల్లయ్య పైపులు పరుస్తా
వంకరది ఒకటి చూపించినాడు, ట్రాప్ అంట.
"ఈ వంపులో గుక్కెడు నీళ్లు ఎప్పుడూ నిలబడాల వదినా.
అవి ఉన్నంతసేపు కింది కంపు పైకి రాదు."
గుక్కెడు నీళ్లే!
సిమెంటు కాదు, ఇనుము కాదు.
నా గొంతులో కూడా ఉంటాది అట్లాంటి వంపు,
లేకుంటే ఇన్నేండ్లలో
ఎన్ని మాటలు పైకి వచ్చుండాల.

కరెంటు పని మాబ్బాషాది.
"ఎర్రది ఫేజు, తెస్తాది. నల్లది న్యూట్రలు, ఎనక్కి తీసకపోతాది."
"మరి పచ్చది?"
"ఎర్త్. అదేం పని చేయదక్కా."
"చేయనిదానికి దుడ్లెందుకు?"
"ఒక్కరోజు చేస్తాది. ఆ రోజు రాకూడదని అల్లాను అడుగు."

ఇంటెనక ఆళ్లెత్తు గుంత.
మూడడుగులకే గడ్డపార ఖంగుమనింది, నాపరాయి.
రెండు రోజులు పగలగొట్టి,
రాగిపట్టీ దింపి
బొగ్గులొక వరస, ఉప్పొక వరస,
మళ్లీ బొగ్గులు, మళ్లీ ఉప్పు.
నిమ్మకాయ ఊరగాయ జాడీ నింపినట్టు
నేనే వంగి నింపినాను.
"ఎండాకాలం దీనికి నీళ్లు పోయాలక్కా.
నేల ఎండితే కరెంటుకు దోవ దొరకదు."

మంది స్లాబులకు మడి కట్టి
ఇరవై ఒక్క దినాలు నీళ్లు పట్టినదాన్ని.
అప్పుడు మా గుడిసెలో బాన అడుగు గీక్కునేది.
నీళ్లు ఎవరికి పోయాల, ఎవరికి పోయకూడదని
ఎప్పుడు అడిగినారు నన్ను?

ఇప్పుడు మే నెల.
కొళాయి నాలుగు దినాలకొకసారి.
మొదటి బిందె వంటకు, రెండోది తాగను.
గిన్నెలు తొలిచిన నీళ్లు పారబోయకుండా దాచి
పొద్దు గుంకినాక సిమెంటు మూత జరిపి పోస్తాను.
సుయ్యిమంటా పీలుస్తాది.
ఎంత పోసినా ఇంకా అంటాది.

ఎదురింటి రమీజా పిట్టగోడ మీదికి వంగి
"ఏం చెట్టు పెట్టినావు పెద్దమ్మా?"
"ఎర్త్."
"ఎన్నాళ్లకు కాస్తాది?"
"రోజూ కాస్తానే ఉంటాది."

ఆ పిల్ల ఇంకా ఎతుకుతాంది
కొమ్మ కోసం.